పనిముట్ల పెట్టెలో పాతవాటికి చోటున్నదా?



ఈ నెల మా శీర్షికకు విషయాన్ని వెదకుకోవలసిన అవసరం మాకు కలుగలేదు. అది తనంతట తానే మా బల్ల మీదికి వచ్చి కూర్చున్నది.

మన గమ్హరియా యూనిట్‌లో కార్యాలయ విభాగాలు వాడి విడిచిన కంప్యూటర్లు కొన్నింటిని కాలనీ పఠనమందిరానికి అప్పగించిన సంగతి మీకు తెలిసినదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరే హంగులు ఈ పాత యంత్రాలకు లేవు. యంత్రాలు మాత్రం గట్టివే. కనుక వాటిలో లినక్స్‌ను స్థాపించి పిల్లలకూ, విశ్రాంత ఉద్యోగులకూ అందుబాటులో ఉంచాలని నిర్ణయమైనది.

ఆ బాధ్యతను తలకెత్తుకున్న యువ ఇంజనీరు మేము పూర్వమెప్పుడో తయారుచేసి ఇచ్చిన జాబితాను ఆధారంగా పెట్టుకొని, ఏయే ప్రోగ్రాములు ముందుగానే ఎక్కించాలో పరిశీలిస్తూ మాకొక చీటీ పంపారు. "శబ్దాన్ని సరిచేయుటకే మీ జాబితాలో ఆరు పనిముట్లున్నవి. వాటిలో నాలుగింటిని ఇప్పుడెవరూ వాడుతున్నట్లు లేదు. అన్ని యంత్రాలలోనూ వీటిని ఉంచమంటారా, తీసివేయమంటారా? తీసివేస్తే పెద్దలకు కోపం వస్తుందేమో" అని దాని సారాంశం. ఆ పెద్దలెవరో గ్రహించుటకు మాకు ఎక్కువసేపు పట్టలేదు.

ప్రశ్న చిన్నదిగా కనబడుతున్నది. ఆరు చిన్న బొమ్మలు మెనూలో ఉంటేనేమి, లేకుంటేనేమి? కాని ఈ ప్రశ్నకు మేము ఒకసారి తప్పు సమాధానం చెప్పి ఉన్నాము. ఆ తప్పుకు మూల్యం చెల్లించినది మేము కాదు. అందువలన ఈ మారు కొంచెం వివరంగానే వ్రాయదలచితిమి.

మాటాడే యంత్రం మూగబోయిన కథ

సుమారు పదేళ్ల క్రిందటి మాట. అప్పుడు పఠనమందిరంలో ఉన్నది ఒకే ఒక్క లినక్స్ యంత్రం. సాయంకాలం వేళ దానిముందు ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి కూర్చునేది. మన ఉద్యోగి ఒకరి కుమార్తె. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను బిగ్గరగా చదివి వినిపించే ఓర్కా అనే ప్రోగ్రామును ఆమె స్వయంగా నేర్చుకున్నది. దానికి గొంతునిచ్చేది ఈస్పీక్ అనే మరొక ప్రోగ్రాము. ఆ గొంతు యాంత్రికమైనదే. కాని దానికి తెలుగు కూడా వచ్చును. ఇక్కడ పెరిగే మన పిల్లలలో పలువురికి తెలుగు మాటాడుట వచ్చును గాని చదువుట రాదు. చదువంతా హిందీలోనో, ఇంగ్లీషులోనో సాగుతుంది. అందుచేత తెలుగు కథ ఏదైనా దొరికితే తోటి పిల్లలు కూడా ఆమె పక్కన చేరి, ఆ యంత్రం చదువుతూ ఉంటే వినేవారు. చూపులేని పిల్ల చూపున్నవారికి తెలుగు చదివి వినిపించిన ముచ్చట అది.

ఒకనాడు పఠనమందిరం బాధ్యులు మమ్ములను పిలిచి, స్పీకర్లలో పాటలు వినబడుట లేదన్నారు. చూడగా, ఆ యంత్రంలో శబ్దానికి రెండు దారులున్నవి. ఒకటి మదర్‌బోర్డు మీది సౌండ్ కార్డు, రెండవది మానిటరుకు పోయే హెచ్‌డీఎమ్‌ఐ తీగ. శబ్దమంతా ఆ రెండవ దారిన పోతున్నది. ఆ మానిటరుకు స్పీకర్లే లేవు. మాకు పాత విద్య తెలియును. మెనూలో మేమే ఎక్కించి ఉంచిన ఒక పాత పనిముట్టును తెరిచి, ఇకమీదట ఫలానా కార్డు వాడవలెనని ఎంచుకొని, ఒక పాట పెట్టి చూశాము. స్పీకర్లు మ్రోగినవి. టీ త్రాగి ఇంటికి పోయినాము.

తొమ్మిది రోజుల తరువాత ఆ అమ్మాయి తండ్రి షిఫ్టు ముగించుకొని మా వద్దకు వచ్చి, "సార్, యంత్రం మాటాడుట లేదని పిల్ల అంటున్నది. అక్కడివారేమో అంతా బాగున్నదంటున్నారు" అని చెప్పారు. ఆయన కంఠంలో ఫిర్యాదు లేదు, మొహమాటం ఉన్నది. మేము వెళ్లి పాట పెట్టి చూశాము. చక్కగా వినబడినది. "శబ్దం బాగానే ఉన్నదమ్మా" అని, తొమ్మిది రోజులుగా అందరూ ఆమెతో అన్న మాటనే మేమూ అన్నాము.

"మావయ్యగారూ, ఒక్కసారి నా పక్కన కూర్చుని వినండి" అన్నదా అమ్మాయి. తన పాఠం రికార్డింగును మొదలుపెట్టినది. పాఠం వినబడుతున్నది. ఆపుదామని మీట నొక్కినది. ఆగినదో లేదో ఓర్కా చెప్పవలెను, చెప్పలేదు. వేరొక కిటికీలోకి పోయినది. ఏ కిటికీలో ఉన్నదో చెప్పవలెను, నిశ్శబ్దం. పాఠం వినిపించే ప్రోగ్రాము తెరిచి ఉన్నంతసేపూ ఓర్కా గొంతు పెగలలేదు. తెర మీద అన్నీ కదులుతూనే ఉన్నవి. అవి మాకు కనబడుతున్నవి. ఆమెకు కాదు.

"శబ్దం పోతే మీకు పాట పోతుందండి. నాకు తెర పోతుంది" అన్నదామె. అర్ధ సంవత్సర పరీక్షలకు ఇంకా పది రోజులు కూడా లేవు.

కారణం కనుగొనుటకు మాకు ఒక సాయంత్రం పట్టినది. ఆనాటి లినక్స్‌లో పల్స్ ఆడియో అనే మధ్యవర్తి ఉండేది. అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ అది పుచ్చుకొని, కలిపి, ఒకే ప్రవాహంగా సౌండ్ కార్డుకు అందించేది. మేము వాడిన పాత పనిముట్టు ఆ మధ్యవర్తి పుట్టకముందటి పద్ధతిలో తయారైనది. దానికి మధ్యవర్తి ఉన్నట్లే తెలియదు. వాడుకరి సంచయంలో, సామాన్యంగా కంటికి కనబడని ఒక చిన్న ఫైలులో, నేరుగా సౌండ్ కార్డుతోనే మాటాడుము అని నాలుగు పంక్తులు వ్రాసి పెట్టినది. పాఠం వినిపించే ప్రోగ్రాము ఆ పంక్తులను చదివి, మధ్యవర్తిని ప్రక్కకు నెట్టి, కార్డును తానే పట్టుకున్నది. ఆ కార్డు ఒకసారికి ఒకరికే తలుపు తీసే రకం. కొద్ది క్షణాలు పనిలేనప్పుడు మధ్యవర్తి మర్యాదగా కార్డును వదలి పెట్టేది. తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉండేది. ఓర్కా గొంతు ఆ మధ్యవర్తి ద్వారానే రావలసి ఉన్నది. ఇక వచ్చుటెట్లు?

ఆ ఫైలును తొలగించి, కొత్త శబ్ద నియంత్రణలో స్పీకర్లను ఎంచుకున్నాము. అర నిమిషం పని. ఓర్కా మాటాడినది. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అందుకే మాకు నేటికీ జ్ఞాపకమున్నది.

ఆ పనిముట్లు ఎందుకు పుట్టినవి

పాత పనిముట్లను తిట్టుట తేలిక. కాని అవి నిష్కారణంగా పుట్టినవి కావు. 1990లలో ఇంటికి కంప్యూటరు తెచ్చుకున్నవారికి ఆ కథ తెలియును.

సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డును విడుదల చేసినది. ఆ కాలపు కార్డులను ఐఎస్‌ఏ అనే గాడిలో గుచ్చేవారు. ఆ గాడిలోని కార్డు తానెవరో చెప్పుకోలేదు. కంప్యూటరును పలకరించుటకు దానికొక చిరునామా, పని ఉన్నదని సైగ చేయుటకు ఐఆర్‌క్యూ అనే సంఖ్య, సమాచారాన్ని తరలించుటకు డీఎమ్‌ఏ అనే మార్గం కావలెను. వీటిని కార్డు మీది చిన్న జంపర్లను పట్టుకారతో మార్చి మనమే నిర్ణయించాలి. ఆ పైన, ఏమి నిర్ణయించామో సాఫ్ట్‌వేరుకు మళ్లీ చెప్పాలి. చిరునామా 220, ఐఆర్‌క్యూ 5, డీఎమ్‌ఏ 1 అన్న అంకెలు ఆ రోజులలో మాకు ఇంటి నంబరంత కంఠస్థం. ఒక అంకె తప్పితే శబ్దం రాకపోవుట మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు యంత్రమే బిగుసుకొనిపోయేది.

లినక్స్‌లో ఈ అంకెలను అడిగి పుచ్చుకొనుటకు రెడ్‌హ్యాట్ వారు సౌండ్‌కాన్ఫిగ్ అనే పనిముట్టును ఇచ్చారు. అమరిక సరిగా కుదిరినదో లేదో చూచుటకు అది ఒక చిన్న ధ్వనిముద్రికను వినిపించేది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా ఆ పేరును తాను ఎట్లు ఉచ్చరిస్తారో చెప్పే ముద్రిక అది. రాత్రి పదకొండు గంటలకు ఆ గొంతు వినబడితే యుద్ధం గెలిచినట్లుండేది. అటువంటి పనిముట్టును ఆ రోజులలో ముందుగానే ఎక్కించి ఇవ్వకపోతే, అది పనిముట్ల పెట్టె అనిపించుకోదు.

తరువాత రంగం మారినది. పీసీఐ గాడి వచ్చి, కార్డు తన పేరు తానే చెప్పుకొనుట మొదలైనది. ఇంటెల్ వారి ఏసీ97 పద్ధతి 1990ల చివరికి శబ్దాన్ని మదర్‌బోర్డులోనే ఇమిడ్చినది. 2004లో హెచ్‌డీ ఆడియో వచ్చినది. లినక్స్ వైపున యారోస్లావ్ కిసెలా ప్రారంభించిన ఆల్సా అనే కొత్త డ్రైవర్ల సముదాయం, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో పాత ఓఎస్‌ఎస్ స్థానాన్ని ఆక్రమించినది. కార్డును గుర్తించి తగిన డ్రైవరును ఎక్కించే పనిని వ్యవస్థ తానే చేయసాగినది. అంకెలను అడిగే పనిముట్టుకు అడగవలసిన ప్రశ్నే మిగలలేదు.

మధ్యవర్తులు కూడా మారినారు. పల్స్ ఆడియో 2007 నవంబరులో ఫెడోరా 8లోను, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04లోను ప్రవేశించినది. దాని స్థానంలోకి విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34తోను, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10తోను వచ్చినది. ఈ ముప్పది ఏళ్లలో క్రింది అంతస్తు, పై అంతస్తు రెండూ మారినవి. మెట్లు మాత్రం పాతవి కొన్ని అట్లే నిలిచి ఉన్నవి. వాటిని ఎక్కినవాడు గోడకు తగులుతాడు.

ఉంటే నష్టమేమి?

మా తరం వారు సాధారణంగా అనే మాట ఇదే: "ఉంటే నష్టమేమి? కొన్ని వందల కిలోబైట్లు. ఎవరికైనా పనికి వస్తుంది." మేమూ అదే అని ఆ జాబితాను తయారుచేశాము.

దీనికి జవాబు మన షాపులోనే ఉన్నది. మన దేశంలో తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి దశాంశ పద్ధతి స్థిరపడిన తరువాత కూడా పాత బ్రిటిషు యంత్రాల కోసం వైట్‌వర్త్ కొలతల పానాలు చాలాకాలం కార్ఖానాలలో ఉండేవి. ఆ యంత్రాలున్నంతకాలం ఉండుట న్యాయమే. కాని ఆ పానాను మెట్రిక్ నట్లున్న యంత్రం ప్రక్కన షాడో బోర్డు మీద వ్రేలాడదీస్తే ఏమగును? అసలు పట్టని పానాతో ప్రమాదం లేదు, తిరిగి పెట్టివేస్తారు. దాదాపుగా పట్టే పానాతోనే ప్రమాదం. అది పట్టినట్లే ఉండి, జారి, నట్టు అంచులను అరగదీస్తుంది. ఆ తరువాత సరియైన పానా తెచ్చినా పట్టదు. పఠనమందిరంలో మేము చేసినది అదే. మా పనిముట్టు పనిచేయలేదని అనలేము. దాదాపుగా పనిచేసినది. పాట వినబడినది.

ఇక్కడ డిఫాల్ట్ స్థాపన అనగా ఏమిటో గుర్తు చేసుకోవలెను. అది సెంట్రల్ స్టోర్స్ కాదు. ప్రతి యంత్రం ప్రక్కన ఉండే షాడో బోర్డు. అక్కడ ఒక వస్తువును ఉంచుట అంటే, ఇది నీ పనికి తగినది, చేయి చాపి తీసుకొనుము అని కొత్తవానికి చెప్పుటే. స్టోర్స్ వేరే ఉన్నది. డెబియన్ వంటి పంపిణీల భాండాగారంలో వేలకొలది ప్రోగ్రాములుంటవి. కావలసినవారు ఒక్క ఆజ్ఞతో తెచ్చుకోవచ్చును. బోర్డు మీది నుండి తీయుట వేరు, తుక్కుకు వేయుట వేరు. ఈ భేదాన్ని మరచుట వలననే పెద్దలకు కోపం వస్తుంది.

మరొక నష్టం కూడా ఉన్నది. తెలుగులో కంప్యూటరు కావలెనని కోరుకొనేవారు దీనిని గమనించవలెను. మెనూలోని ప్రతి మాటనూ ఎవరో ఒకరు తెలుగు చేయాలి. హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థల స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పనిని తమ సొంత సమయంలో చేశారు. ఎవరికీ పనికిరాని పనిముట్టులోని వాక్యాలను అనువదించుటకు వెచ్చించిన ఆదివారం, పనికివచ్చే దానికి దక్కని ఆదివారమే.

వయస్సు కాదు, సత్యమే కొలత

అట్లని పాతవన్నీ పోవలెనని మేము అనము. యువ ఇంజనీరు పంపిన జాబితాను ముందు పెట్టుకొని మేము మూడు తరగతులు చేశాము.

మొదటి తరగతి, పలకరించుటకు ఎదుట ఎవరూ లేని పనిముట్లు. ఐఎస్‌ఏ కార్డుల అంకెలను అడిగేవి ఇందులో చేరును. మన ప్రాంతంలో ఇంకా పాత యంత్రాలున్నవి కదా అని అనవచ్చును. ఉన్నవి. కాని ఐఎస్‌ఏ కాలపు యంత్రంలో నేటి డెస్క్‌టాప్ ఎక్కదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ల పాత పీసీలకు స్థాపన ప్రోగ్రామే లేదు. ఎక్కని యంత్రం కోసం పనిముట్టును ఎక్కించుట, లేని మనిషికి విస్తరి వేయుట వంటిది.

రెండవ తరగతి, తిప్పితే తిరిగేవి గాని దేనికీ తగిలించి లేనివి. శ్రీరామనవమి పందిళ్లలో పాత ఆంప్లిఫయర్లను చూచినవారికి ఇది తెలియును. లోపల తీగ తెగిన మీట ఒకటి ఉంటుంది. కూత వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దానినే తిప్పుతారు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో జీస్ట్రీమర్ అమరికల కిటికీ ఒకటి ఉండేది. అది తన నిర్ణయాలను జీకాన్ఫ్ అనే చోట వ్రాసేది. 2012 సెప్టెంబరులో వచ్చిన జీస్ట్రీమర్ 1.0 ఆ చోటును చూచుట మానివేసినది. కిటికీ తెరుచుకొనేది, ఎంపికలు కనబడేవి, నొక్కితే నొక్కబడేవి. వినేవారు లేరు. దీనితో పోయేది కాలం మాత్రమే కాదు. నేను చేసినది తప్పేమో అని అమాయకుడు తనను తాను అనుమానించుకుంటాడు. మేము వాడినటువంటివి ఇంతకంటె ప్రమాదకరం. వాటి మాట సగంమంది వింటారు, సగంమంది వినరు.

మూడవ తరగతి, రూపం పాతదైనా నేటికీ నిజమే చెప్పేవి. ఆల్సామిక్సర్ ఇటువంటిది. నల్లని తెర, అక్షరాలతో గీసిన గొట్టాలు. చూస్తే 1990ల నాటిదే. కాని అది చూపునది నేటి యంత్రంలో నేడు పనిచేస్తున్న డ్రైవరు యొక్క అసలు స్థితిని. దాని అవసరం ఇప్పటికీ ఉన్నది. ఉదాహరణకు, చాలా మదర్‌బోర్డులలో ఆటో మ్యూట్ అనే ఏర్పాటు ఉంటుంది. చెవిగొట్టాలు గుచ్చగానే స్పీకర్లను అది మూసివేస్తుంది. గుచ్చే రంధ్రం పాడై, గుచ్చకున్నా గుచ్చినట్లు యంత్రం భ్రమపడితే స్పీకర్లు మూగబోతవి. డెస్క్‌టాప్ మీది అందమైన వాల్యూమ్ మీట నూరు శాతం చూపుతూనే ఉంటుంది. లోపల ఏమి జరిగినదో చూపి, ఆ ఏర్పాటును నిలిపివేసే వీలు ఇచ్చునది ఆ నల్లని తెరయే. దానితోబాటు వచ్చే స్పీకర్ టెస్ట్ అనే పనిముట్టు కూడా అట్టిదే. కుడి ఎడమల స్పీకర్లను ఒక్కొక్కటిగా పలికించి చూపుతుంది.

కాబట్టి అడుగవలసిన ప్రశ్న, ఇది ఎన్నేళ్లది అని కాదు. క్రింద ఉన్న యంత్రాన్ని గూర్చి ఇది నేడు నిజం చెప్పుచున్నదా, దీని మాట అందరూ వింటున్నారా అని. వైట్‌వర్త్ పానాను దించాలి. సుత్తి ఇంకా పాతది, దానిని దించనక్కరలేదు.

ఒక న్యాయమైన ఆక్షేపణ

మా మిత్రులొకరు ఈ వాదమంతా విని ఒక మాట అడిగారు. "భాండాగారం నుండి తెచ్చుకోవచ్చునంటున్నారు. ఇంటర్నెట్ లేని చోట? శబ్దం లేక, నెట్టు కూడా లేక కూర్చున్నవాడు ఏమి చేయాలి?"

ఇది కొట్టివేయదగిన మాట కాదు. స్టోర్స్ మూసి ఉన్న రాత్రి షిఫ్టులో బ్రేక్‌డౌన్ వస్తే బోర్డు మీద ఉన్నదే దిక్కు. అందుచేతనే మూడవ తరగతిని తప్పక ముందుగానే ఎక్కించాలని మేము అంటున్నాము. కాని అదే రాత్రి షిఫ్టులో, నిద్రమత్తులో ఉన్నవాని చేతికి దాదాపుగా పట్టే పానా అందకూడదన్నది కూడా అంతే నిజం. అత్యవసర సమయంలో మనిషికి ఎంచుకొనే ఓపిక ఉండదు. ఆరింటిలో రెండు పనిచేసేవి ఉన్న బోర్డు కంటె, ఆ రెండే ఉన్న బోర్డు మేలు.

మంచి పనిముట్టు ఎట్లుండవలెనో తెలియాలంటే డెబియన్ స్థాపన ప్రోగ్రామును చూడండి. చూపులేనివారు ఇతరుల సహాయం లేకుండా స్థాపించుకొనేందుకు అందులో మాటాడే విధానమున్నది. మొదటి మెనూ వచ్చినప్పుడు ఎస్ అక్షరం, ఎంటర్ మీట నొక్కితే అది మొదలవుతుంది. యంత్రంలో ఒకటి కంటె ఎక్కువ సౌండ్ కార్డులుంటే, అది ఒక్కొక్క కార్డు ద్వారా మాటాడుతూ, నా గొంతు వినబడినప్పుడు ఎంటర్ నొక్కుము అంటుంది. అంతే. చిరునామాలు లేవు, సంఖ్యలు లేవు, చిక్కు పేర్లు లేవు. యంత్రం అడిగినది, మనిషి చెవి జవాబు చెప్పినది. మా చేత తొమ్మిది రోజుల మౌనాన్ని సృష్టింపజేసిన ప్రశ్న కూడా ఇదే: ఈ రెండు దారులలో ఏది? ఆ ప్రశ్నను సరిగా అడిగే పనిముట్టు ఉండగా, తప్పుగా అడిగేదానిని ప్రక్కన పెట్టుకొనుట దేనికి?

మా నిర్ణయం, పాఠకులకు మనవి

యువ ఇంజనీరుకు మేము పంపిన జవాబు ఇది. ఆరింటిలో నాలుగు తీసివేయండి. ఆల్సామిక్సర్, స్పీకర్ టెస్ట్ ఉంచండి. తీసివేసిన వాటి పేర్లు, ఎందుకు తీసివేసినదీ ఒక కాగితం మీద వ్రాసి పఠనమందిరం గోడకు అంటించండి. ఎవరికైనా నిజముగా అవసరమైతే భాండాగారం నుండి తెచ్చుకుంటారు. పెద్దలు కోపగించుకుంటే మా పేరు చెప్పండి.

ఇంటిలో లినక్స్ వాడుకొనే కుటుంబాలకు నాలుగు సూచనలు. శబ్దం రాకపోతే మొదట డెస్క్‌టాప్ అమరికలలోని శబ్దం పుటకు పోయి, అవుట్‌పుట్ దేనికి పోతున్నదో చూడండి. టీవీకో, మానిటరుకో పోతూ ఉండవచ్చును. అది సరిగా ఉంటే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్‌ను తెరిచి, ఎఫ్6 మీటతో కార్డును ఎంచుకోండి. గొట్టం అడుగున రెండు ఎమ్‌లు కనబడితే అది మూసి ఉన్నట్లు. ఎమ్ మీట నొక్కితే తెరుచుకొనును. ఏ అమరికనైనా మార్చే ముందు పాత స్థితిని నోట్‌బుక్కులో వ్రాసుకోండి. ఎవరో చెప్పిన పంక్తులను దాగి ఉన్న ఫైలులో వ్రాసినచో, తేదీతో సహా అదీ వ్రాసుకోండి. మేము వ్రాసుకొని ఉంటే తొమ్మిది రోజులు ఒక్క గంటతో పోయేవి.

ఇక ఐదవది సూచన కాదు, ప్రార్థన. మరమ్మతు ముగిసినదని చెప్పే ముందు, ఆ యంత్రాన్ని అందరికంటె ఎక్కువగా నమ్ముకున్న మనిషిని కూర్చోబెట్టి చూపించండి. పాట వినబడినదని మేము సంతృప్తి పడినాము. మేము పరీక్షించినది మా అవసరాన్ని. ఆమె అవసరాన్ని కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడొక బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నది. సెలవులకు వచ్చినప్పుడు పఠనమందిరానికి వస్తుంది. మొన్న కొత్తగా అమర్చిన యంత్రం ముందు ఆమెనే మొదట కూర్చోబెట్టాము. ఒక పాట పెట్టినది, దాని మీదనే తెలుగు కథ ఒకటి చదివించినది, రెండింటినీ కలిపి కొంతసేపు విన్నది. చాండిల్ వైపు మళ్లే గూడ్సు బండి కూత కూడా వాటితో కలిసినది.

"మూడూ వినబడుతున్నవి మావయ్యగారూ" అన్నది. ఆ తరువాతనే రిజిస్టరులో మేము సంతకం చేశాము.

మీ ఇండ్లలో, మీ విభాగాలలో ఇట్లే దాదాపుగా పట్టే పనిముట్లు ఏవైనా ఉంటే, వాటి కథను వ్రాసి పంపగోరుతున్నాము. రాబోయే సంచికలలో సంతోషంగా ప్రకటిస్తాము.